మొదటిసారి అమ్మేవాడు ఎవరి లెక్కలోకి వస్తాడు?

తెలంగాణ ముఖ్యమంత్రిగారికి, భారతీయ రిజర్వు బ్యాంకు గవర్నరుగారికి,

అయ్యా,

ముషీరాబాద్‌లో మా అశోక్‌నగర్, చిక్కడపల్లి గల్లీల్లో నెలాఖరు వచ్చిందంటే గేట్లకు టులెట్ బోర్డులు, ఫోన్లలో అమ్మకం ప్రకటనలు ఒకేసారి పుట్టుకొస్తాయి. మంచం, పరుపు, కూలర్, రైస్ కుక్కర్, తెలుగు అకాడమీ పుస్తకాల కట్ట. అమ్మేది గ్రూప్స్ ఉద్యోగ పరీక్షలకు చదివి ఊరికి తిరుగుముఖం పట్టిన పిల్లలు. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు గ్రూప్-1 ప్రకటన వచ్చింది. ఆ అక్టోబరులో రాసిన ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాస్తే సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త ప్రకటన. ఇన్ని మలుపుల మధ్య కిరాయి కట్టలేక సామాను అమ్ముకుని వెళ్లినవాళ్లున్నారు, తిరిగొచ్చి మళ్లీ కొన్నవాళ్లున్నారు. పరీక్షలు నడిపేది పబ్లిక్ సర్వీస్ కమిషనే అయినా కొలువులు ప్రభుత్వానివే గనక ఈ అమ్మకాల్లో మీకూ కొంత వాటా ఉందనే ఈ లేఖ.

పుస్తకాలైతే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ ఉంది. పాత సామానుకు జుమ్మేరాత్ బజార్ ఉంది. కానీ మూడో అంతస్తులోని మంచాన్ని అక్కడిదాకా మోస్తే ఆటో కిరాయే మంచం ధరవుతుంది. అందుకే ఓఎల్ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్. కొత్తగా అమ్మేవాడికి ధర కట్టడం రాదు, కొన్నప్పటి రేటు గుర్తుపెట్టుకుని అందులోంచి ఐదొందలు తగ్గిస్తాడు. ఫొటో ట్యూబ్‌లైటు కింద తీస్తాడు. కూలర్ మోటారు చప్పుడు చేస్తుందని రాయాలా వద్దా అని తేల్చుకోలేడు. ఇవన్నీ రెండు మూడు అమ్మకాల్లో వచ్చే విద్యలే. ఆ రెండు మూడు అమ్మకాల దాకా వెళ్లనివ్వని ఫోన్ ఒకటి మాత్రం ముందే వస్తుంది.

ఆ ఫోన్ చేసినవాడు హిందీలో మాట్లాడతాడు. ఆర్మీలో పనిచేస్తున్నానని, హైదరాబాద్‌కు బదిలీ అయిందని చెబుతాడు. గుర్తింపు కార్డు ఫొటో వాట్సాప్‌లో పెడతాడు. బేరమాడడు. (ఆబిడ్స్‌లో బేరమాడకుండా కొనేవాణ్ని నేను చూడలేదు. అనుమానించాల్సింది అక్కడే.) ముందు ఐదు రూపాయలు వేస్తాడు, అవి పడతాయి, నమ్మకం కుదురుతుంది. ఆ తర్వాత క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొడితే మొత్తం వస్తుందంటాడు. పిన్ కొట్టగానే మనవాడి డబ్బే పోతుంది. పొరపాటు జరిగింది, తిరిగి పంపుతానంటూ ఇంకో కోడ్ పంపుతాడు. ఈ పిలగాడు కంగారులో అదీ స్కాన్ చేస్తాడు. సైన్యం పేరు వింటే మనవాళ్లు అనుమానించరన్న సంగతి ఆ దొంగలకు మనకంటే బాగా తెలుసు. ఇలాంటి ముఠాల కోసం హైదరాబాద్ పోలీసులు రాజస్థాన్‌లోని భరత్‌పూర్ దాకా వెళ్లి వచ్చారు.

డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదని పోలీసులు ఏళ్ల తరబడి చెబుతున్నారు. పోయిన వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే, దొంగ తీసేలోపు ఆ సొమ్మును ఖాతాలోనే ఆపించే వీలుంది. ఈ సంగతి ప్రతి హాస్టల్ మెట్ల దగ్గరా రాసిపెట్టాలి. కానీ జాగ్రత్త చెప్పడంతో మీ బాధ్యత తీరిపోయినట్టు నడుస్తోందే, నా పేచీ దానితో.

ఎందుకంటే మోసపోయిన ఈ అమ్మకందారుకు చట్టంలో నిలబడే చోటు దొరకదు. 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు, సొంత సామాను ఎప్పుడో ఒకసారి అమ్ముకునే మనిషిని తమ పరిధిలోంచి తప్పించాయి. సబబే, మంచం అమ్ముకునేవాడికి వ్యాపారి నిబంధనలు దేనికి? అయితే వినియోగదారుడిగానూ అతడు గట్టిగా నిలబడలేడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ప్రతిఫలం ఇచ్చి సేవ పొందినవాడే వినియోగదారుడు, ఇతడు ప్రకటన ఉచితంగా పెట్టాడు. వేదిక నడిపేవాళ్లను అడిగితే మేం మధ్యవర్తులమంటారు. ఇక బ్యాంకు. గవర్నరుగారూ, 2017 జూలై నాటి మీ సర్క్యులర్, ఖాతాదారు ప్రమేయం లేకుండా బయటివాళ్లు సొమ్ము లాగేస్తే, మూడు పనిదినాల్లో చెప్పినవాడికి నష్టం లేకుండా చూసింది. మోసపోయి తానే పిన్ కొట్టినవాడికి మాత్రం ఆ రక్ష దక్కలేదు. పిన్ మీదే, వేలు మీదే అన్న మాటే కౌంటర్లో వినపడుతుంది.

ఇదేమీ మార్చలేని సంగతి కాదు. బ్రిటన్‌లో 2024 అక్టోబరు 7 నుంచి, మోసగాడి మాట నమ్మి తానే డబ్బు పంపినవాడికి కూడా 85 వేల పౌండ్ల దాకా బ్యాంకులే తిరిగివ్వాలి. భారం పంపిన బ్యాంకుకు సగం, అందుకున్న బ్యాంకుకు సగం. ఈ రెండో సగమే అసలైన మందు. దొంగ ఖాతా తెరిచిన బ్యాంకు జేబుకు చిల్లు పడితే, దొంగలకు అద్దెకిచ్చే ఖాతాల మీద దానికి తనంతట తానే కన్ను పడుతుంది. మన దగ్గరా కదలిక లేకపోలేదు. మనుషుల మధ్య యూపీఐలో డబ్బడిగే కలెక్ట్ రిక్వెస్టులను 2025 అక్టోబరు 1 నుంచి యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ నిలిపేసింది. ఒక తలుపు మూసినప్పుడు, క్యూఆర్ అనే పక్క తలుపు దగ్గర కాపలా ఎందుకు పెట్టరు? ముందెన్నడూ పంపని ఖాతాకు, అదీ ఫోన్లోకి బొమ్మగా వచ్చిన కోడ్ ద్వారా పంపుతుంటే, కాసేపు ఆపండి. మీ ఖాతా నుంచి ఇన్ని వేలు పోతున్నాయని తెలుగులో పెద్ద అక్షరాలతో, గొంతుతో చెప్పించండి.

ముఖ్యమంత్రిగారూ, మిమ్మల్ని అడిగేది ఇంతకంటే చిన్నది. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ పొద్దున తలుపు తీసింది మొదలు ఈ పిల్లలతోనే నిండి ఉంటుంది. అమ్మేవాడూ అక్కడే, కొనేవాడూ అక్కడే కూర్చుని చదువుతున్నారు. మధ్యలో ఫోన్ దేనికి? ఆ ఆవరణలో ఆదివారాలు నాలుగు బల్లలు వేయించి, ఒక నోటీసు బోర్డు పెట్టించండి. పుస్తకాలు చేతులు మారతాయి. మంచం, కూలర్ బోర్డు మీద చూసి, ఎదురుగా నిలబడి మాట్లాడుకుని, గదికి వెళ్లి చూసుకుంటారు. బల్ల పక్కన 1930 అని రాసి ఒక కానిస్టేబుల్‌ను కూర్చోబెడితే ఇంకా మంచిది. దీనికి అసెంబ్లీలో బిల్లు అక్కర్లేదు, గ్రంథాలయ సంస్థకు మీరొక ఉత్తర్వు పంపితే వచ్చే నెలాఖరుకే మొదలుపెట్టొచ్చు.

ఇట్లు,
అశోక్‌నగర్ నివాసి