తీగకు వెలుపలి లెక్క

బిలాస్‌పూర్‌లో రైలు పట్టాల చెంతనే తార్‌బహార్ అను పేట కలదు. హిందీలో తార్ అనగా తీగ. బాహర్ అనగా వెలుపల. పేరును అట్లు విడదీసి చదివినచో "తీగకు వెలుపలి చోటు" అని అర్థము వచ్చును. రైల్వే కాలనీ ఉన్న ప్రతి ఊరిలోను, కంటికి కనబడినను కనబడకపోయినను, అట్టి తీగ ఒకటి ఉండును. దానికి లోపల క్వార్టరు, ఆసుపత్రి, పాసు, నెల తిరుగగానే జీతము, పదవి ముగిసిన పిదప పింఛను. వెలుపల ఎవరి లెక్క వారిది.

ఈ ప్రాంతమునకు తెలుగువారు రైలు వెంట వచ్చిరి. 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఏర్పడెను. 1891లో నాగపూర్ నుండి బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్ వరకు మార్గము తెరువబడెను. అదే కంపెనీ తూర్పు తీరమున వాల్తేరు వరకు బండ్లు నడపెను. 1931లో విజయనగరము నుండి రాయపూర్‌కు మార్గము పూర్తి అయ్యెను. ఉత్తరాంధ్ర కుటుంబములు ఎన్నో ఆ పట్టాల వెంట వచ్చి, ఉద్యోగములలో కుదురుకొని, ఇచ్చటివారే అయినవి. ఇంటిలో తెలుగు, వీధిలో హిందీ, ఆఫీసు కాగితములలో ఇంగ్లీషు: ఇదియే వారి వాడుక. ఒక తరము రైల్వేలో చేరినచో తరువాతి తరము కూడ చేరుననియే పెద్దల ఆశ. నేడు వారి మనుమలు, మనుమరాండ్రు పలువురు కాలేజీలలో కామర్సు చదువుచున్నారు. 1983లో ఇచ్చటనే గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. 2009లో అది కేంద్రీయ విశ్వవిద్యాలయమయ్యెను. బి.కాం. చదువుటకు ఊరు విడువవలసిన పని లేదు.

అయినను ఒక ప్రశ్న మాత్రము మిగిలియే ఉన్నది. బి.కాం.లో ఫైనాన్సు అను పేర చెప్పు పాఠములు బ్యాంకు పరీక్షకు తప్ప మరి దేనికైన పనికివచ్చునా?

2025 నాటి వేసవిలో, తార్‌బహార్‌లో మూడు తరములవారు కలిసి ఉన్న ఒక ఇంటిని ఊహించుకొనుడు. తాతగారు గార్డుగా పదవీ విరమణ చేసినవారు. తండ్రి 2006లో రైల్వేలో చేరినవాడు. కుమార్తె బి.కాం. మూడవ సంవత్సరము చదువుచు, నోటుపుస్తకము నిండ అంకెలు వ్రాయుచున్నది.

"ఎందుకమ్మా ఇన్ని లెక్కలు? బ్యాంకు పరీక్షలో ఇవన్నీ అడుగుతారా?"

"పరీక్ష సంగతి తరవాత తాతయ్యా. నాన్న సంతకం పెట్టవలసిన కాగితం ఒకటి ఉంది. దానికోసం."

"సంతకానికి లెక్క దేనికి? మా పింఛను దానంతట అదే వచ్చింది కదా!"

తాతగారి మాట అసత్యము కాదు. ఆయన కాలమున ఆ లెక్క మొత్తము రైల్వేయే చూచుకొనెను. ఆయన ఎన్ని సంవత్సరములు జీవించినను, ధరలు ఎంత పెరిగినను, ఆ భారము ప్రభుత్వముది. 2004 జనవరి 1 నుండి చేరినవారి విషయము వేరు. వారికి జాతీయ పింఛను విధానము వర్తించెను. జీతములోను కరువు భత్యములోను నూటికి పది వంతులు ఉద్యోగి వాటా. ప్రభుత్వ వాటా మొదట పది, 2019 ఏప్రిల్ నుండి పదునాలుగు. ఆ సొమ్ము బజారులో మదుపు చేయబడును. పదవీ విరమణనాడు కనీసము నలుబది శాతముతో ఆన్యుటీ, అనగా నెలనెలా సొమ్మునిచ్చు ఒప్పందము, కొనవలెను. మిగిలినది చేతికి వచ్చును. ఎంత వచ్చునని ముందుగా ఎవరును చెప్పజాలరు. ఉద్యోగి క్వార్టరులోనే ఉండవచ్చును గాని, పింఛను విషయమున తీగకు వెలుపలికి వచ్చినవాడే.

2025 ఏప్రిల్ 1 నుండి ఏకీకృత పింఛను పథకము మరియొక దారి తెరచెను. ఇరువదియైదు సంవత్సరముల సర్వీసు నిండినవారికి చివరి పన్నెండు నెలల మూల వేతనపు సగటులో సగము పింఛనుగా వచ్చును. దానిపై కరువు భృతియు కలదు. పింఛనుదారు మరణించినచో భార్యకు లేక భర్తకు అందులో అరువది శాతము. పాత విధానములో ఉండవలెనా, దీనికి మారవలెనా అని ఉద్యోగియే కోరుకొనవలెను. గడువు పొడిగింపబడి, చివరకు 2025 నవంబరు 30 అయ్యెను. ఆ ఇంటి తండ్రి చేతిలోని కాగితము అదియే.

ఇట్టి కాగితము చదువుటకు బి.కాం. పాఠములలో మూడు ముఖ్యముగ అక్కరకు వచ్చును.

మొదటిది చక్రవడ్డీ. తెలుగువారికి ఇది కొత్త కాదు. అసలు, బారువడ్డీ, చక్రవడ్డీ, తాకట్టు, హామీ అను మాటలు ప్రతి ఇంట వినబడినవే. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అనగా సంవత్సరమునకు ఇరువదినాలుగు శాతము. కట్టక వదలి, నెలనెలా వడ్డీపై వడ్డీ పడనిచ్చినచో మూడు సంవత్సరములలో అప్పు రెట్టింపగును. ఆ శక్తియే పొదుపు వైపు నిలిచినచో మేలు చేయును. 10,000 రూపాయలు సాలుకు 8 శాతము చొప్పున ముప్పది సంవత్సరములలో లక్ష దాటును. అయితే అదే ముప్పది సంవత్సరములు ధరలు 6 శాతము చొప్పున పెరిగినచో, నాటి లక్షతో కొనదగిన సరుకు నేటి 17,500 రూపాయల సరుకే. పదిరెట్లయినదని కంటికి కనబడినది నిజమునకు రెండింతలైనను కాలేదు. ఈ రెండు అంకెలను పక్కపక్కన వ్రాసి చూడనివానికి లక్ష అను మాటయే భ్రమ కలిగించును.

రెండవది నేటి విలువ. ఇది చక్రవడ్డీని వెనుకకు నడపుట. వడ్డీ 7 శాతమైనపుడు, వచ్చే ఏడు అందవలసిన 107 రూపాయలకు నేటి విలువ 100. ఈ ఒక్క సూత్రముతో తాతగారి పింఛనును కొలువవచ్చును. నెలకు 20,000 రూపాయలు, అనగా సంవత్సరమునకు 2,40,000, ఇరువది సంవత్సరములు వచ్చునని అనుకొనుడు. లెక్క సులభమగుటకు ఏడాది సొమ్ము ఏడాది చివర ఒకేమారు అందునని భావింపవచ్చును. ఆ మొత్తము ఎన్నడును మారనిచో, 7 శాతము లెక్కన దాని నేటి విలువ సుమారు 25 లక్షల 40 వేలు. ధరలతోపాటు సంవత్సరమునకు 6 శాతము చొప్పున పెరిగినచో సుమారు 41 లక్షలు. మొదటి ఏడు చేతికి వచ్చునది రెండింటను ఒకటే. అయినను విలువలో పదునైదు లక్షలకు పైబడిన భేదము కలదు. కరువు భృతి అని పింఛను చీటీలో ఒక మూలన ఉండు అంకె వెల అది. ఆన్యుటీలలో పెక్కింటికి ఈ పెరుగుదల ఉండదు.

మనుమరాలు ఈ అంకె చూపగనే తాతగారు కళ్ళద్దములు సవరించుకొనిరి.

"నలభై లక్షలా! ఇన్నాళ్ళూ నేను లక్షాధికారినన్నమాట. మరి నీ వడ్డీ రేటు తప్పయితే?"

"అందుకే మొదటి లెక్క మూడు రేట్లతో కట్టాను తాతయ్యా. మారని పింఛను 5 శాతంతో కడితే సుమారు ముప్పై లక్షలు, 9 శాతంతో కడితే ఇరవై రెండు లక్షలే."

తాతగారు వేసినది మంచి ప్రశ్న. ఒకే రేటుతో ఒకే జవాబు కట్టి దానిని సత్యమని నమ్ముట పరీక్షకు చాలును, బ్రతుకునకు చాలదు.

మూడవది నష్టభయము. అనుకొన్నట్లు జరుగనిచో ఆ నష్టము ఎవరిది? ఫైనాన్సు శాస్త్రమున ఇంతకంటె పెద్ద ప్రశ్న లేదు. ఈ ప్రశ్నకు రైల్వేల చరిత్రయే పెద్ద పాఠ్యగ్రంథము. 1849లో ఈస్టిండియా కంపెనీ తొలి రైలు కంపెనీలతో చేసికొన్న ఒప్పందములలో, పెట్టుబడిపై 5 శాతము రాబడికి హామీ ఇచ్చెను. రైలు లాభించినను నష్టపడినను లండనులోని వాటాదారునకు అతని 5 శాతము అందును. తరుగు పడినది భారతదేశపు రాబడి నుండి చెల్లింపవలెను. దాదాభాయి నౌరోజీ, రమేశచంద్ర దత్తు మొదలగువారు ఈ భారమును తీవ్రముగ విమర్శించిరి. హామీ అనగా నష్టభయము మాయమగుట కాదు. అది ఒకరి భుజము నుండి మరియొకరి భుజమునకు మారుటయే.

ఉద్యోగుల చరిత్రలోను ఇట్టి ఘట్టమొకటి కలదు. 1957లో రైల్వేలలో పింఛను పథకము ప్రవేశపెట్టబడెను. అప్పటికే ఉద్యోగములో ఉన్నవారు పాత ప్రావిడెంటు ఫండులో ఉండవలెనా, పింఛనుకు మారవలెనా అని కోరుకొనవలసి వచ్చెను. ఫండును ఎంచుకొన్నవారు తెలివితక్కువవారు కారు. ఫండు ఒకేమారు చేతికి వచ్చు సొమ్ము. దానితో ఇల్లు కట్టవచ్చును, కూతురి పెండ్లి చేయవచ్చును. పింఛను ఎంతకాలము తిందుమో తెలియదు. తరువాత ధరలు పెరిగెను, ఆయుర్దాయము పెరిగెను, పింఛను నియమములు సడలెను. మారుటకు అవకాశములు పలుమార్లు ఇయ్యబడినను, కొందరు ఫండుతోనే విరమించిరి. తమకును పింఛను కోరుకొను అవకాశము మరల ఇయ్యవలెనని అట్టివారు సుప్రీంకోర్టును ఆశ్రయించిరి. 1990లో కృషేణ కుమార్ కేసులో రాజ్యాంగ ధర్మాసనము వారి కోరికను తిరస్కరించెను. ఫండు చెల్లించిననాడే వారిపట్ల ప్రభుత్వ బాధ్యత తీరిపోయెననియు, పింఛనుదారుపట్ల అది జీవితాంతము సాగుననియు, కనుక ఈ రెండు తరగతులు వేరనియు కోర్టు భావించెను.

ఎప్పుడో చేసిన ఒక సంతకము ముసలితనమున ఎట్లు నిలిచిపోవునో ఈ కేసు చూపును. నాటి ఉద్యోగికి రానున్న ధరలు తెలియవు. నేటి ఉద్యోగికిని తెలియవు. కాని ధరలు పెరిగినచో ఎవరి కాగితము తట్టుకొనును, ఎవరిది తట్టుకొనదు అని ముందుగ అడుగుట ఎవరికైనను సాధ్యమే.

ఈ దృష్టితో చదువు విద్యార్థికి బి.కాం. పాఠములు ఎండిన సూత్రములుగ కనబడవు. తండ్రి జీతపు చీటీయే అతని మొదటి పాఠ్యపుస్తకము: కోతలేవి, పొదుపేది, పన్ను ఎంత? కోర్బా బొగ్గుతో సాగిపోవు వాగనుల వరుస రెండవది. వాగను కొన్న ఖర్చు ఒక్క ఏటిది కాదు. అది పనిచేయు సంవత్సరములన్నిటిపై పంచవలెను. తరుగుదల అను పాఠము అదియే. రైల్వేకు 1924 నుండి వేరుగా నడచిన బడ్జెటు 2017లో సాధారణ బడ్జెటులో కలిసెను. అయినను నూరు రూపాయలు సంపాదించుటకు రైల్వే ఎంత ఖర్చు చేసెనను ఆపరేటింగ్ నిష్పత్తి ఏటేటా ప్రకటింపబడుచునే ఉన్నది. క్లాసులో నేర్చిన నిష్పత్తులను అచ్చట పరీక్షించుకొనవచ్చును.

మరియొక అభ్యాసము మేలు చేయును. ఇంగ్లీషులో చదివిన ప్రతి పదమును ఇంటి మాటలో నాయనమ్మకు అర్థమగునట్లు చెప్పి చూడవలెను. చెప్పలేకపోయినచో, పాఠము ఇంకను రాలేదని గ్రహింపవలెను. చేతితో ఒకమారు లెక్క కట్టిన పిదపనే యంత్రమును ఆశ్రయింపవలెను. ఏ పథకమునైనను మూడు ప్రశ్నలు అడుగవలెను: ఇచ్చునది ఎంత? ఎప్పుడు? ఇయ్యనిచో నష్టము ఎవరిది? అధిక రాబడి చూపి ఊరించు కాగితములలో పెక్కు ఈ మూడవ ప్రశ్న వద్దనే మౌనము వహించును.

లెక్కకు ఒక హద్దు ఉన్నదనియు మరువరాదు. ఒక ఇంటిలో దీర్ఘాయువు వంశలక్షణము. అచ్చట బ్రతికినంతకాలము వచ్చు పింఛను విలువైనది. మరియొక ఇంట వ్యాధి ఉన్నది. లేదా పిల్లలకు కొంత మిగిల్చవలెనను ఆశ ఉన్నది. పింఛను భార్యాభర్తల జీవితములతో ముగియును. కొన్ని ఆన్యుటీలు అసలును వారసులకు తిరిగి ఇచ్చును. కనుక అన్ని ఇండ్లకు ఒకే జవాబు లేదు. లెక్క జవాబును శాసింపదు; ప్రశ్నను స్పష్టము చేయును.

ఆ సాయంకాలము డ్యూటీ నుండి తిరిగివచ్చిన తండ్రి ఎదుట కుమార్తె రెండు వరుసలు గీసిన కాగితము పెట్టెను. ఒక వరుసలో నిశ్చయముగ వచ్చునవి. రెండవ వరుసలో రావచ్చునవి. క్రింద ఒక పంక్తి: ధరలు పెరిగిన ఏమగును, నేను త్వరగా పోయిన అమ్మకు ఏమి మిగులును? ఈ చివరి ప్రశ్న ఆమె తండ్రి మాటగా వ్రాసినది. అతడు దానిని రెండుమార్లు చదివి, భార్యను పిలిచి పక్కన కూర్చుండబెట్టుకొనెను.

ఏ దారి ఎంచుకొనిరన్నది ఆ ఇంటి విషయము. సంతకము మాత్రము ఇద్దరును కూర్చుండి, ఆ వరుసలు చదివిన పిదపనే జరిగెను.