ఒప్పుకుంటే ఒడిసినట్టేనా?

‘ఒప్పుకో, ఫైన్ కట్టు, ఇంటికి పో.’ ఉద్యమంలో కేసుల పాలైన విద్యార్థులకు, ఉద్యోగులకు ఈ సలహా కొత్తది కాదు. పాతబస్తీ మొఘల్‌పురా గల్లీలకూ కొత్తది కాదు. ఏళ్ల తరబడి వాయిదాలకు తిరగలేక, వకీలు ఫీజు కట్టలేక, రోజు కూలి పోగొట్టుకోలేక చెయ్యని తప్పుకు తలూపినవాళ్లు మన మధ్యనే ఉన్నారు. ఆ తలూపును జడ్జి ఒకసారి రాసుకున్నాక ఇక అంతేనా? అనుమానం వస్తే దాన్ని ఆయన వెనక్కి తీసుకోవచ్చా? తీసుకోవచ్చు, తీసుకోవాలి అన్నది మా మాట.

చట్టం ఏం చెబుతోందో చూద్దాం. సెషన్స్ కేసులో నిందితుడు నేరం ఒప్పుకుంటే జడ్జి ఆ మాటను రాసుకోవాలి, దాని ఆధారంగా తన విచక్షణ మేరకు దోషిగా తేల్చవచ్చు అని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 229వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 252వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. ‘తేల్చాలి’ అని లేదు, ‘తేల్చవచ్చు’ అని ఉంది. తలూపిన ప్రతివాడినీ జైలుకు పంపక్కర్లేదని దీని అర్థం.

ఈ విచక్షణ ఎందుకంత ముఖ్యం? ఒప్పుకోలు మీద దోషిగా తేలినవాడికి అప్పీలు తలుపు దాదాపు మూసుకుపోతుంది కనుక. శిక్ష ఎక్కువైందనో, చట్టప్రకారం లేదనో మాత్రమే పై కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. ‘నేను ఆ పని చెయ్యనే లేదు’ అన్న అప్పీలుకు తావుండదు. ఇక చిన్న కేసని ఫైన్ కట్టి వచ్చిన విద్యార్థి రేపు సర్కారు నౌకరీకి ఎంపికైతే అటెస్టేషన్ ఫారం అతన్ని అడుగుతుంది: ఏ కేసులోనైనా శిక్ష పడిందా? అప్పుడు తెలుస్తుంది, ఆ ఫైన్ ఎంత ఖరీదైనదో!

తీసుకున్న ఒప్పుకోలును వెనక్కి తీసుకుంటే నేరస్తులు తప్పించుకుంటారని కొందరి భయం. ఇరాక్‌లోని అబూ గ్రైబ్ జైలు కేసు దీనికి జవాబు. ఖైదీలను హింసించిన ఆ కేసులో లిండీ ఇంగ్లండ్ అనే అమెరికా సైనికురాలు 2005 మే 2న నేరం ఒప్పుకుంది. సైనిక జడ్జి కల్నల్ జేమ్స్ పోల్ అంగీకరించారు. శిక్ష ఖరారు చేసే విచారణలో ఆమె తరఫున సాక్షిగా వచ్చిన చార్లెస్ గ్రేనర్, అందులో ఒక ఫొటో తోటి గార్డుల శిక్షణ కోసం తీసిందేనన్నాడు. తప్పని తెలిసే చేశానన్న ఆమె ఒప్పుకోలుకు ఈ మాట పొసగలేదు. మే 4న జడ్జి ఆ ఒప్పుకోలును తోసిపుచ్చి విచారణనే రద్దు చేశారు. ఆమె తప్పించుకున్నదా? లేదు. అదే ఏడాది సెప్టెంబర్‌లో మళ్లీ విచారణ జరిగింది, ఏడు అభియోగాల్లో ఆరు రుజువయ్యాయి, మూడేళ్ల జైలు పడింది.

మన దేశంలోనూ ఉదాహరణ ఉంది. ముంబై దాడుల కేసులో కసబ్ 2009 జూలై 20న నిండు కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. జడ్జి తహలియాని ఆ మాటను రికార్డులో ఉంచి, విచారణను మాత్రం ఆపలేదు. సాక్షులందరినీ విన్నాకే 2010 మేలో తీర్పు చెప్పారు. కసబ్‌కు దక్కిన ఈ పద్ధతి మొఘల్‌పురా పోరగానికి, ఉస్మానియా విద్యార్థికి ఎందుకు దక్కదు?

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. మొఘల్‌పురాకు కూతవేటు దూరంలో ఉన్న మక్కా మసీదులో 2007 మే 18న, శుక్రవారం నమాజు వేళ బాంబు పేలి తొమ్మిది మంది చనిపోయారు. తర్వాత పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురి ప్రాణాలు పోయాయి. ఆ వెంటనే పాతబస్తీ యువకులను పోలీసులు పదుల సంఖ్యలో పట్టుకుపోయారు. నేరం ఒప్పుకొమ్మని కరెంటు షాకులు పెట్టారని వాళ్లు చెప్పారు. రాష్ట్ర మైనారిటీల కమిషన్ నియమించిన అడ్వకేట్ కమిషనర్ జైలుకు వెళ్లి చిత్రహింసల ఆనవాళ్లను నమోదు చేశారు. వాళ్ల మీద పెట్టిన కేసులు చివరికి కోర్టులో నిలబడలేదు.

ఆ తర్వాత అదే పేలుడు కేసులో స్వామి అసీమానంద్ 2010 డిసెంబర్‌లో ఢిల్లీ మేజిస్ట్రేట్ ముందు నేరాంగీకార వాంగ్మూలం ఇచ్చాడు, 2011లో ఒత్తిడితో ఇచ్చానని వెనక్కి తీసుకున్నాడు. ఆ వాంగ్మూలాన్ని స్వచ్ఛందమైనదిగా హైదరాబాద్‌లోని ఎన్ఐఏ ప్రత్యేక కోర్టు నమ్మలేదు. 2018 ఏప్రిల్ 16న అతనితో సహా ఐదుగురిని నిర్దోషులుగా వదిలేసింది.

దర్యాప్తులో ఇచ్చే వాంగ్మూలం వేరు, అభియోగం చదివాక కోర్టులో నేరం ఒప్పుకోవడం వేరు. కానీ రెంటికీ అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ మాట తనంతట తాను చెప్పిందేనా? 2018 తీర్పు మనలో చాలామందికి మింగుడు పడలేదు. అయినా మనోనికో నీతి, మందోనికో నీతి కుదరదు. పాతబస్తీ యువకుడి నోటి నుంచి గుంజిన మాట చెల్లదంటే, అసీమానంద్ మాటను కూడా అదే తరాజులో తూచాలి. మన కోపం కోర్టు వేసిన ప్రశ్న మీద కాదు, దర్యాప్తు మీద ఉండాలి. వాంగ్మూలాన్ని పక్కన పెడితే నిలబడే సాక్ష్యం పదకొండేళ్లలో ఎందుకు కూడలేదు? తొమ్మిది మంది ప్రాణాలకు ఎవరు జవాబుదారీ?

మా డిమాండ్లు పెద్దవేమీ కావు. వకీలు పక్కన లేకుండా ఎవరి ఒప్పుకోలునూ రాసుకోవద్దు. అభియోగాన్ని తెలుగువాడికి తెలుగులో, ఉర్దూవాడికి ఉర్దూలో అర్థమయ్యేట్టు చెప్పాలి. ఒప్పుకుంటే వచ్చే శిక్షను, పోయే అప్పీలు హక్కును జడ్జి స్వయంగా వివరించాలి. ఆ మాటకు పొసగని సాక్ష్యం కనిపించిన క్షణమే, తీర్పు వెలువడక ముందే, ఒప్పుకోలును పక్కన పెట్టి విచారణ జరపాలి.

విద్యార్థి మిత్రులకు, ఉద్యోగ సోదరులకు ఒక మాట. కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కును 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం ఇచ్చింది. అడిగి తీసుకోండి. ‘ఫైన్‌తోనే పోతది’ అన్నవాడి మాట నమ్మి తలూపకండి.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ‘నేను చెయ్యలేదు’ అనే బీదవాడి మాటను ఓపికగా వినే కోర్టు కూడా రావాలి. దానికోసం కొట్లాట ఇంకా మిగిలే ఉంది.