పూల్ అంటే ఈత కాదు!

మొన్నొక ఆదివారం పప్పుకి తాలింపు వేస్తుంటే, ఇంటర్ చదివే మా అమ్మాయి వంటింట్లోకి వచ్చి "అమ్మా, మామయ్యతో క్లబ్బుకెళ్లి పూల్ నేర్చుకుంటాను" అంది. ఎండలు మండిపోతున్నాయి కదా, కాసేపు నీళ్లలో ఆడుకుంటుందిలే అనుకుని "సరే, వచ్చాక తల బాగా తుడుచుకో" అన్నాను. అది పడీపడీ నవ్వింది. "ఈత కాదమ్మా, బల్ల మీద కర్రతో బంతులు కొట్టే ఆట!"

అంతే, నా మొహం మారిపోయింది. హాల్లోంచి మా అత్తగారు కూడా "ఆడపిల్లకి ఆ ఆటలెందుకమ్మా?" అన్నారు. ఆవిడని అనుకుని ఏం లాభం? నా మనసులో ఉన్నదీ అదే. మన సినిమాల్లో ఆ పచ్చబల్ల ఎక్కడ కనిపిస్తుంది? విలన్ ఇంట్లో. చుట్టూ సిగరెట్ పొగ, పక్కన మందు గ్లాసులు. ఆ బొమ్మే నా బుర్రలో ఉండిపోయింది.

ఆ రాత్రి అమ్మాయి ఫోన్‌లో ఒక పాత వార్త చూపించింది. 2017లో అహ్మదాబాద్‌లో ఇండియన్ క్యూ మాస్టర్స్ లీగ్ జరిగిందట. క్రికెట్‌కి ఐపీఎల్ లాగా ఈ ఆటకి జట్ల పోటీ అన్నమాట. మొత్తం ఐదు జట్లు. వాటిలో మన హైదరాబాద్‌దీ ఒకటి, పేరు హైదరాబాద్ హస్లర్స్. ఆరు ఎర్ర బంతులతో ఆడే స్నూకర్, తొమ్మిది బంతుల పూల్ ఆడారు. పంకజ్ అద్వానీ లాంటి ప్రపంచ ఛాంపియన్ ఆడిన ఆ లీగ్ జట్లలో ఆడవాళ్లూ ఉన్నారు.

నేను ఆగింది అక్కడే. మామూలుగా ఆటల్లో మగవాళ్ల పోటీ వేరు, ఆడవాళ్ల పోటీ వేరు. మనవాళ్ల పోటీ చూసేవాళ్లు తక్కువ, పేపర్లో రాసేదీ తక్కువే. ఒకే జట్టులో ఆడితే ఆమె గెలిచిన ఆట కూడా ఆ జట్టు లెక్కలోకే వస్తుంది. ఆమె ఓడితే అందరూ ఓడినట్టే. అలాంటప్పుడు ఆమెని పక్కన కూర్చోబెట్టడం ఎవరికీ కుదరదు.

ఆలోచిస్తే ఇది మన క్యారమ్స్‌కి పెద్దక్క లాంటి ఆట. బలం కంటే చూపు, చేతి నిదానం, తర్వాత ఏ బంతి కొట్టాలన్న ముందుచూపు ముఖ్యం. వేసవి సెలవుల్లో అన్నదమ్ముల్ని క్యారమ్స్‌లో ఓడించని అక్కచెల్లెళ్లు మనలో ఎంతమంది ఉంటారు చెప్పండి? అప్పుడు ఎవరూ ఆడపిల్లవి కదా అనలేదు, ఎందుకంటే బోర్డు మన ఇంట్లోనే ఉంది. అడ్డం ఆట కాదు, ఆట ఉన్న చోటు.

పంకజ్ అద్వానీ చిన్నప్పుడు అన్నయ్య ఆడుతుంటే చూసి ఈ ఆటలోకి వచ్చాడట. ఆ అన్నయ్యకి చెల్లెలుంటే ఆమెనీ వెంట తీసుకెళ్లనిచ్చేవాళ్లమా? అదే 2017లో సింగపూర్‌లో జరిగిన ప్రపంచ మహిళా స్నూకర్ ఫైనల్లో మన దేశపు విద్యా పిళ్లై 6-5 తేడాతో, ఒక్క ఫ్రేమ్‌లో టైటిల్ పోగొట్టుకుంది. ఆమె పేరు నేను మొన్నటిదాకా వినలేదు. మీరు విన్నారా?

అందుకే ఇలాంటి లీగ్ ఒకసారి జరిగి ఊరుకుంటే చాలదని నా అభిప్రాయం. ఏటా జరగాలి. ఈ ఆటలు ఒలింపిక్స్‌లో లేవు, 2010 తర్వాత ఆసియా క్రీడల్లోనూ లేవు. "ఇది నేర్చుకుని ఏం చేస్తుంది?" అని ఇంట్లో అడిగితే పిల్ల దగ్గర జవాబు ఉండాలి కదా. జట్టు ఉంటే ఒక కోచ్ ఉంటారు, ప్రాక్టీసుకి ఒక టైము ఉంటుంది, తోటి అమ్మాయిలుంటారు. తల్లికి కావాల్సిన ధైర్యం అదే.

అలాగని లీగ్ వస్తే అన్నీ సర్దుకుంటాయని నేననను. గంటకింత అని కట్టాలి, ఆ ఖర్చు అందరివల్లా కాదు. పందేలు కాసే చోట్లూ ఉంటాయి. మన భయాలన్నీ ఉత్తవి కావు. కానీ భయం ఉన్నచోట తలుపు మూసేయడం కంటే, మనమే లోపలికెళ్లి చూడడం మేలు.

అందుకే పోయిన శనివారం నేనూ వెళ్లాను. పొగ లేదు, మందు లేదు. నాలుగు బల్లలు, అంతా మగపిల్లలే. మా అమ్మాయి కర్ర పట్టుకోగానే అందరూ ఒకసారి తిరిగి చూశారు, మళ్లీ ఎవరి ఆట వాళ్లు ఆడుకున్నారు. మొదటి అరగంట దానికి ఒక్క బంతీ పడలేదు. పడ్డాక అది నావైపు చూసిన చూపు మాత్రం నేను మర్చిపోలేను.

ఇంటికొచ్చాక అత్తగారు "ఏమైందే?" అనడిగారు. "ఒక బంతి వేసింది అత్తయ్యా" అన్నాను. ఆవిడ కాసేపు ఊరుకుని, "నేను క్యారమ్స్‌లో మీ మామయ్యగారిని ఎన్నిసార్లు ఓడించానో!" అన్నారు.

మరి మీ ఇంట్లో అయితే ఏమనేవారు?