కాదనుకునే మనసు

ఈ శీర్షికలో ఇంతవరకు కోపాన్ని గురించి, భయాన్ని గురించి, అసూయను గురించి ముచ్చటించుకున్నాము. ఈ నెల నేను ఎన్నుకున్న విషయం చూడడానికి చాలా చిన్నది. ‘అబ్బే, ఏమీ లేదు’ అనే మాట. మన ఇళ్ళలో ఇంతకంటే తరచుగా వినిపించే మాట మరొకటి ఉండదేమో!

కొన్నేళ్ళ క్రితం ఒక రాత్రి, పెళ్ళి భోజనం చేసి వచ్చిన తరువాత, మా అన్నయ్య ఛాతీలో పట్టేసినట్లుగా ఉన్నదన్నాడు. ముఖమంతా చెమటలు. వదిన కంగారుపడింది. ‘గ్యాసేలే, తిన్నది అరగలేదు’ అన్నాడు అన్నయ్య. ఆ రాత్రి అక్కడే ఉన్న నేను కూడా ‘అవును వదినా, గ్యాసే అయి ఉంటుంది’ అని వంత పాడాను. వాము నమిలాడు, సోడా తాగాడు, వసారాలో కాసేపు పచార్లు చేశాడు. తెల్లవారుజామున ఆసుపత్రికి చేర్చేసరికి చేయి దాటిపోయింది. డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, ‘నొప్పి ఎప్పుడు మొదలైంది?’ అని. జవాబు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అన్నయ్య చదువుకోనివాడు కాడు. నేను సేఫ్టీ తరగతులలో ప్రథమ చికిత్స నేర్చుకున్నవాడిని. ఆ లక్షణాలు దేనికి సంకేతాలో మా ఇద్దరికీ తెలుసు. తెలియక కాదు, తెలిసినదానిని ఒప్పుకోవడం ఇష్టం లేక ఆ మాట అన్నాము.

దీనిని మనోవిజ్ఞాన శాస్త్రంలో ‘నిరాకరణ’ అంటారు. సిగ్మండ్ ఫ్రాయిడ్ కుమార్తె అన్నా ఫ్రాయిడ్ 1936లో వెలువరించిన గ్రంథంలో, మనసు తనను తాను కాపాడుకోవడానికి పన్నే ఉపాయాలను వివరిస్తూ, దీనికి ప్రత్యేక స్థానమిచ్చారు. స్విట్జర్లాండులో పుట్టి అమెరికాలో స్థిరపడిన మానసిక వైద్యురాలు ఎలిజబెత్ కూబ్లర్ రాస్, షికాగోలో మరణానికి చేరువైన రోగులతో ఎంతోకాలం సంభాషించి, 1969లో ఒక పుస్తకం రాశారు. నిరాకరణ, కోపం, బేరసారాలు, కుంగుబాటు, అంగీకారం అని ఆమె చెప్పిన అయిదు దశలలో మొదటిది ఇదే. అందరూ ఇవే మెట్లను ఇదే వరుసలో ఎక్కుతారని అనుకోరాదని తరువాత ఆమే స్పష్టం చేశారు.

అయితే నిరాకరణ అంతా చెడ్డదేనా? నా మట్టుకు నేను దానిని రెండు విధాలుగా చూస్తాను. జరిగిపోయినదానిని కాదనుకోవడం ఒకటి. జరుగుతున్నదానిని, జరగబోయేదానిని కాదనుకోవడం మరొకటి. పేరు ఒకటే అయినా ఫలితాలు వేరు.

మొదటిదానికి చరిత్రలో పేరు పొందిన ఉదాహరణ విక్టోరియా మహారాణి. ఆమె భర్త ఆల్బర్ట్ 1861లో మరణించాడు. ఆయన గదిని ఉన్నదున్నట్లుగా ఉంచమని, రోజూ ఆయన దుస్తులు తీసిపెట్టమని, ముఖం కడుక్కోవడానికి వేడినీళ్ళు సిద్ధం చేయమని ఆమె ఆజ్ఞాపించింది. 1901లో ఆమె కన్నుమూసేవరకు, అంటే దాదాపు 40 ఏళ్ళు, ఆ ఆజ్ఞ అమలు జరిగింది. అంతటి సామ్రాజ్యాన్ని ఏలిన మనిషికి ఒక్క నిజం కొరుకుడు పడలేదు!

రాణుల సంగతి ఎందుకు, మా అమ్మనే చూశాను. అన్నయ్య కర్మకాండ రోజులలో అతని బట్టలు, గొడుగు అన్నీ ఇచ్చేసినా, చెప్పులు మాత్రం దాచింది. ప్రతి సాయంత్రం వాటిని తుడిచి గుమ్మం పక్కన పెట్టేది. ‘నువ్వైనా నచ్చజెప్పరా’ అన్నారు బంధువులు. నాకు కిసాగోతమి కథ గుర్తుకు వచ్చింది. చనిపోయిన బిడ్డను చంకనెత్తుకుని, మందు ఇమ్మని ఇల్లిల్లూ తిరిగిన ఆ తల్లితో బుద్ధ భగవానుడు ‘నీ బిడ్డ లేడు’ అనలేదు. చావు ఎరుగని ఇంటినుండి గుప్పెడు ఆవాలు తెమ్మన్నాడు. ఆవాలు ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. చావు ఎరుగని ఇల్లు మాత్రం ఒక్కటీ లేదు. నిజాన్ని ఆమె తన కాళ్ళతోనే నడిచి తెలుసుకున్నది. ఆ నడకకు సమయం ఇవ్వడమే ఆయన చేసిన వైద్యం. నేను అమ్మతో ఏమీ అనలేదు.

రెండవ రకం నిరాకరణకు మాత్రం అటువంటి సమయం ఇవ్వరాదు. 1986 జనవరి 28న అమెరికా అంతరిక్ష నౌక చాలెంజర్ గాలిలోకి లేచిన 73 సెకన్లకే ముక్కలైపోయి, ఏడుగురు మరణించారు. రాకెట్టు అతుకులను మూసి ఉంచే రబ్బరు వలయాలు చలికి సాగే గుణాన్ని కోల్పోవడమే అందుకు ఒక ముఖ్య కారణం. వాటి లోపం అప్పటికి కొత్తదేమీ కాదు. అంతకుముందు ప్రయాణాలలోనే అవి దెబ్బతిన్నట్లు కనిపించింది. అయినా ‘అప్పుడు ఏమీ కాలేదు కదా’ అనే ధీమా పెరిగింది. చలిలో ప్రయోగం వద్దని ముందురోజు రాత్రి ఇంజనీర్లు మొత్తుకున్నా పైవారు వినలేదు. తరువాత విచారణలో భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఆ రబ్బరు ముక్కను మంచునీళ్ళలో ముంచి, అసలు సంగతిని అందరి కళ్ళెదుట నిరూపించాడు. ఒక గ్లాసు చల్లని నీళ్ళు చెప్పగలిగిన నిజాన్ని అంతటి యంత్రాంగం కాదనుకున్నది!

కంట్రోల్ రూములో పదే పదే మోగే అలారాన్ని ‘ఇది ఎప్పుడూ ఇంతే’ అని ఆపివేసే చేయి మనది కాదని చెప్పగలమా? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్లు, మనం చూడనంత మాత్రాన ప్రమాదం మనల్ని చూడకుండా పోదు.

ఇంటి విషయమూ అంతే. గుండె రక్తనాళానికి గడ్డ అడ్డుపడినప్పుడు, నిమిషాలు గడిచినకొద్దీ గుండె కండరం చచ్చుబడిపోతూ ఉంటుంది. గడ్డను కరిగించే మందైనా, నాళాన్ని తెరిచే యాంజియోప్లాస్టీ అయినా, ఎంత త్వరగా అందితే అంత మేలు. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో వీపుకో పాకే నొప్పి, చెమటలు, ఆయాసం కనిపిస్తే అది గ్యాసో కాదో తేల్చవలసినది వైద్యుడు. మనమూ కాదు, వామూ కాదు. స్త్రీలలోను, మధుమేహం ఉన్నవారిలోను ఛాతీనొప్పి అంతగా లేకుండానే గుండెపోటు రావచ్చు. 108కి ఫోను చేసి, తీరా అది గ్యాసే అని తేలితే పోయేది కొంత నిద్ర, కొంత నామోషీ. చేయకపోతే పోయేదేమిటో నేను చెప్పనక్కరలేదు.

ప్రపంచంలో అన్నిటికంటే ఆశ్చర్యకరమైనది ఏమిటని యక్షుడు అడిగినప్పుడు, రోజూ ప్రాణులు యమలోకానికి పోతుండగా చూస్తూ కూడా, మిగిలినవారు తాము శాశ్వతమనుకోవడమే అన్నాడు ధర్మరాజు. ఆ భ్రమ లేకపోతే బహుశా మనం ఇల్లు కట్టుకోము, మొక్క నాటము. కనుక కొంత కాదనుకోవడం మనిషికి అవసరమే. ఎక్కడ దానిని ఆపాలో తెలుసుకోవడమే వివేకం. ఏడుస్తున్నవారి నిరాకరణను ఓర్పుతో సహిద్దాము. నొప్పితో ఉన్నవారు ‘ఏమీ లేదు’ అంటే మాత్రం, ఆ మాట నమ్మవద్దు. వంత పాడనే వద్దు.

అన్నయ్య సంవత్సరీకం నాడు, ఎవరూ అడగకుండానే, అమ్మ ఆ చెప్పులు తెచ్చి నా చేతికిచ్చింది. ‘ఎవరికైనా ఇచ్చెయ్యరా, మెత్తగా ఉంటాయి’ అన్నది. అమ్మ ఏడాదిలో ఆ నిజాన్ని చేరుకున్నది. ఆ రాత్రి నేను అన్న మాటను నేను ఒప్పుకోవడానికి మాత్రం ఇంతకాలం పట్టింది.