పోటీ పెట్టకుండానే తేల్చేస్తే ఎలా?

సాయంత్రమైతే చాలు, మా కమలాపురంలో కుర్రాళ్లు నలుగురు చేరి, సెల్‌ఫోను మధ్యలో పెట్టుకుని ఒకటే వాదన. "లైట్‌వెయిట్‌లో ఖబీబ్‌ను మించినోడు యాడున్నాడ్రా? 29 ఆడినాడు, 29 గెల్చినాడు" అని ఒకడు. "ఆయన 2020లోనే మానేసినాడు గదా, ఇస్లాం మఖచేవ్ ముందర ఎవురైనా నిలుస్తారా?" అని ఇంకొకడు. గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ కలిపి ఆడే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ గురించి ఈ గొడవంతా. అందులో లైట్‌వెయిట్ అంటే 155 పౌండ్లు, మన లెక్కలో 70 కిలోలు.

వాళ్ల వాదన వాళ్లది. "సరే, మన ఆడపిల్లల్లో ఎవర్రా గొప్ప?" అని అడిగి చూడండి, ఒక్కడూ నోరు మెదపడు. 2024 జూన్‌లో పూజా తోమర్ అనే అమ్మాయి అమెరికా వెళ్లి, వీళ్లు కళ్లప్పగించి చూసే ఆ యూఎఫ్‌సీలోనే గెలిచింది. అక్కడ గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. ఆ సంగతి వీళ్లలో ఎందరికి తెలుసు?

ఆ ఆట మనకింకా కొత్త. బాక్సింగ్ అలా కాదు. తక్కువ బరువుల్లో మన దేశంలో ఎవరు గొప్ప అంటే రెండు పేర్లు ఎదురెదురుగా నిలబడతాయి. ఒకరు మణిపూర్ మేరీ కోమ్, రెండోవారు మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్. ఆ వాదన మనం చేద్దాం.

ముందు బరువు సంగతి. ఆడవాళ్ల దగ్గర బరువు మాటెత్తితే పెళ్లిచూపులే గుర్తొస్తాయి. లావైతే ఒక మాట, సన్నమైతే ఇంకో మాట. బరిలో మాత్రం బరువంటే న్యాయం. సమానులకే పోటీ పెట్టాలని ఆ తూకం. ఇది మన సీమవాళ్లకు ఒకరు చెప్పాలా? ఉరుసులకీ తిరునాళ్లకీ బండలాగుడు పందేలు పెడతారు కదా. పాలపళ్ల ఎడ్లకు వేరే పందెం, రెండు పళ్లకు వేరే, నాలుగు పళ్లకు, ఆరు పళ్లకు వేరే వేరే. పాలపళ్ల జతను తెచ్చి ఆరు పళ్ల జతతో పోటీకి కడితే ఊరు ఊరుకుంటుందా?

ఇప్పుడు మేరీ కోమ్ సంగతి. 2002 నుంచి 2018 లోపల ఆరుసార్లు ప్రపంచ విజేత. అన్నీ 45 నుంచి 48 కిలోల విభాగాల్లోనే. 2007లో కవలల్ని కన్నది, 2008లో మళ్లీ ప్రపంచ విజేత అయింది. ఒక కాన్పుకే "ఇంకేముందిలే, అయిపోయింది" అనుకునే మనకు ఇది చిన్న విషయమా? 2012 లండన్ ఒలింపిక్స్‌లో తొలిసారి ఆడవాళ్ల బాక్సింగ్ పెట్టారు. పెట్టినవి మూడే విభాగాలు, అందులో అన్నిటికన్నా తక్కువది 51 కిలోలు. తన విభాగమే లేదు. అయినా పై విభాగానికి వెళ్లి, తనకన్నా బరువైన వాళ్లతో తలపడి కాంస్యం తెచ్చింది.

నిఖత్ సంగతి చూస్తే, 2011లోనే జూనియర్‌లో ప్రపంచ విజేత. 2017లో భుజం గాయం. తేరుకుని 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల్లో, 2023లో ఢిల్లీలో 50 కిలోల్లో వరుసగా ప్రపంచ విజేత. 2022 కామన్వెల్త్ క్రీడల్లో బంగారు పతకం. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మాత్రం చైనా బాక్సర్ వు యు చేతిలో ఓడింది. ఆ వు యు చివరికి బంగారు పతకం గెలిచింది కాబట్టి అది తక్కువ వాళ్ల చేతిలో ఓటమి కాదు.

నన్నడిగితే, మొత్తం ఆటను లెక్కలో పెట్టుకుంటే నా ఓటు మేరీకే. కానీ వీళ్లిద్దరి మధ్య 2019లో జరిగిన ఒక వివాదంలో మాత్రం నా ఓటు నిఖత్‌కే.

ఆ ఏడు ప్రపంచ పోటీలకు 51 కిలోల్లో ఎంపిక పోటీ పెట్టకుండా మేరీని నేరుగా పంపారు. ఒలింపిక్స్ అర్హత పోటీలకూ అలాగే జరిగేట్టు కనిపించింది. అప్పుడు నిఖత్ కేంద్ర క్రీడామంత్రికి లేఖ రాసింది. ఆమె "నన్నే పంపండి" అనలేదు, "పోటీ పెట్టండి" అంది. అంతే. ఎంత మాటలు పడిందో! పెద్దామె మీదికి పోతావా అన్నారు, గర్వమన్నారు. చివరికి డిసెంబరులో ఢిల్లీలో పోటీ పెట్టారు. మేరీ 9-1 తేడాతో గెలిచింది. నిఖత్ ఇంటికెళ్లి మళ్లీ సాధన చేసుకుంది. రెండున్నరేళ్లకు ప్రపంచ విజేత అయింది.

"మేరీయే గెలిచింది కదా, ఆ గొడవంతా ఎందుకు?" అంటారేమో. ఎందుకంటే పోటీ పెట్టాకే ఆ గెలుపుకు విలువ వచ్చింది. పేరు చూసి పంపితే మేరీకీ గౌరవం కాదు, నిఖత్‌కీ న్యాయం కాదు.

ఇంతకీ ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మన ఇళ్లల్లో ఆడపిల్లల విషయంలో జరుగుతున్నది అచ్చంగా ఇదే. పోటీ పెట్టకుండానే తేల్చేస్తున్నాం. మా బంధువుల అమ్మాయి ఎనిమిదో తరగతి. బళ్లో పరుగైనా కబాడీ అయినా ముందు ఆమే. బాక్సింగ్ నేర్చుకుంటానంటే వాళ్లమ్మ నాతో అన్నది, "ముక్కు పగిలితే రేపు ఎవురు చేసుకుంటారొదినా? వాళ్లన్నను పంపిస్తాములే." ఆ అన్నకేమో ఆటంటే గిట్టదు, ఫోను చాలు. పిల్ల శక్తి ఎంతో ఎవరైనా చూశారా? లేదు. ఆడపిల్ల అన్న ఒక్క మాటతో పక్కన పెట్టేశారు.

తల్లి భయం నాకు అర్థం కాకపోలేదు. ఆడపిల్లల బాక్సింగ్ పోటీల్లో తలకు కవచం ఉంటుంది, పళ్లకు రక్షణ ఉంటుంది, పక్కనే డాక్టరు ఉంటాడు. దెబ్బలే తగలవని మాత్రం నేననను. నేర్పేవాళ్లను చూసి, కనుక్కుని పంపాలి. ముఖ్యంగా బరువు తగ్గాలని పిల్లను పస్తులు పెట్టే కోచ్ దగ్గరికి పంపొద్దు. పారిస్‌లో వినేశ్ ఫొగాట్ సంగతి చూశాం కదా. 50 కిలోల కుస్తీలో ఒకే రోజు ముగ్గురిని ఓడించి ఫైనల్‌కు చేరింది. మర్నాడు పొద్దున తూకంలో 100 గ్రాములు ఎక్కువ వచ్చిందని ఆడనివ్వలేదు. అంత పెద్దవాళ్లకే తూకంతో అన్ని తిప్పలైతే, ఎదిగే పిల్లకు కడుపు నిండా తిండి పెట్టి, ఆ బరువుకు తగ్గ విభాగంలో ఆడించడమే మేలు.

ఆడపిల్ల బరువులెత్తితే నవ్విన ఈ దేశానికే కదా, 2000లో సిడ్నీలో మన శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో కాంస్యం తెచ్చిపెట్టింది! ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ ఆమే.

కడపలో క్రీడా పాఠశాల ఉంది. అలాంటి చోట పిల్లల్ని పరీక్షించే తీసుకుంటారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల తల్లులకు నేను చెప్పేదొకటే. ఎంపికలు ఎప్పుడో కనుక్కుని, కొడుకుతోపాటు కూతుర్నీ వరుసలో నిలబెట్టండి. ఓడిపోతే ఓడిపోనివ్వండి. నిఖత్ కూడా ఓడింది, కానీ ఆడి ఓడింది.

ఎడ్ల పళ్లు చూసి మరీ న్యాయంగా పందెం కట్టే ఊళ్లు మనవి. ఆ పాటి న్యాయం మన ఆడపిల్లలకు దక్కొద్దా? మీరేమంటారు?