శిశువుల శస్త్రచికిత్స - శ్వాసరక్షణము

శస్త్రవైద్యశాలలకు భవనములు కట్టించు దాతల పేరులు పాలరాతి పలకలమీద చెక్కింపబడుచున్నవి. సంతోషమే. కాని ఆ భవనములోని బీరువాయందు మూడు కిలోల పసికందునకు సరిపడు శ్వాసపరికరము కలదా యని విచారించిన దాత యరుదు. మత్తులోనున్న బిడ్డ ప్రాణము పలకపై గాక ఆ బీరువాపై నాధారపడియున్నది.

శిశువు చిన్న యాకారముగల పెద్దమనుష్యుడు గాడు. తల పెద్దది, నోటికి మించిన నాలుక, స్వరపేటిక మెడలో పైకుండును. కిలో బరువునకు పెద్దవారికంటె రమారమి రెట్టింపు ప్రాణవాయువును ఖర్చుపెట్టును. 4 మిల్లీమీటర్ల వ్యాసముగల శ్వాసమార్గమున చుట్టును ఒక్క మిల్లీమీటరు వాపు కలిగెనా, దారి నాలుగవ వంతునకు తగ్గి, గాలికి గలుగు నిరోధము 16 రెట్లగును. పెద్దవానికి గొంతు బొంగురుతో పోవు వాపు పసివానికి ప్రాణాంతకము.

ఈ విషయమున మన గడ్డకు చరిత్ర కలదు. 1888, 1889 సంవత్సరములలో హైదరాబాదు క్లోరోఫారము సంఘములు, రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డు లారీ నాయకత్వమున, నిజాము పోషణతో పరిశోధనలు సలిపినవి. మొదట నిలిచిపోవునది ఊపిరియే గాని గుండె గాదనియు, వైద్యుడు నాడిని గాక శ్వాసను కనిపెట్టి యుండవలె ననియు వారి తీర్పు. గుండెకు భయము లేదను భాగము నిలువలేదు. క్లోరోఫారము గుండెనే యాపగలదని 1911లో గుడ్మన్ లీవీ నిరూపించెను. ఐనను ఊపిరిని కనిపెట్టుడను హెచ్చరికకు నేటికిని లోపము రాలేదు.

1981లో లండనున ఆర్చీ బ్రెయిను అను వైద్యుడు లారింజియల్ మాస్కును కనిపెట్టెను. ఇది శ్వాసనాళములోనికి దూరదు. స్వరపేటిక ముఖముపై చిన్న మెత్తవలె నమరి గాలికి దారి యిచ్చును. 5 కిలోలలోపు బిడ్డకు ఒకటవ కొలత, 10 కిలోల వఱకు ఒకటిన్నర, 20 వఱకు రెండు, 30 వఱకు రెండున్నర. నడుమ నొక్క కొలత లేకున్నను ఆ బరువు బిడ్డకు తక్కినవన్నియు నిరుపయోగములే. కడుపు నిండియున్న బిడ్డకు మాత్రము దీనిని నమ్ముకొనరాదు. వాంతి ఊపిరితిత్తులలోనికి పోకుండ పూర్తిగా కాపాడలేదు. అచట గొట్టమే శరణ్యము.

గొట్టము విషయమునను పూర్వాచారమొకటి తొలగినది. పసివారికి గాలిబుడగ గల గొట్టము కూడదని తరతరములుగా బోధించిరి. 2009లో ప్రకటింపబడిన ఐరోపా పరిశోధనలో అయిదేండ్లలోపు బిడ్డలు 2,246 మందిని పరీక్షింపగా, బుడగ లేని గొట్టమును నూటికి 30.8 మందికి మార్చవలసివచ్చెను. బుడగ గలదానిని 2.1 మందికే. పిమ్మట గలుగు గొంతు కీచుధ్వని రెండు తెగలయందును ఇంచుమించు సమానము. అయితే బుడగలోని యొత్తిడిని కొలువకుండ ఊదివేయువారికి ఈ వాదము వర్తింపదు.

పరికరమున్న చాలదు, చేయి కావలెను. ఐరోపాలో 33 దేశముల 261 ఆసుపత్రులలో జరిపి 2017లో ప్రకటించిన విచారణలో, నూటికి 5.2 సందర్భములలో తీవ్ర విపత్తు కలిగెను. వయస్సు తగ్గినకొలది ప్రమాదము హెచ్చెను. వైద్యుని యనుభవము పెరిగినకొలది తగ్గెను. కావున ఆగగల చికిత్సలకు పసివారిని అనుభవజ్ఞులున్న చోటికి పంపుటయే న్యాయము. కాని ప్రేగు మెలివడిన బిడ్డ అర్ధరాత్రి వచ్చినచో నగరము దూరమన్న సమాధానము పనికిరాదు. జిల్లా వైద్యశాలలోనే అన్ని కొలతల మాస్కులు, గొట్టములు, బయటికి వచ్చు బొగ్గుపులుసు గాలిని కొలిచి గొట్టము సరిగా నున్నదో లేదో తత్క్షణమే తెలుపు కాప్నోగ్రాఫు యంత్రము నుండవలెను.

ఆసుపత్రి సలహాసంఘములలో కూర్చుండు మా పాఠకులు రాబోవు సమావేశమున ఆ బీరువాను తెఱపించి, లేని కొలతలను పేరుపేరున వ్రాయించి, అవి యెన్నటికి వచ్చునో ప్రభుత్వమువారిచే వ్రాతమూలముగ చెప్పింతురుగాక.