అట్ట మీద పిల్లలు, లోపల పెద్దలు

పుటల అమరిక కంటికి ఇంపు చేకూర్చే పనితనం మాత్రమేననీ, దానికీ వర్గదృష్టికీ సంబంధం లేదనీ వాదించేవారు పత్రికారచన నేర్పే తరగతి గదుల్లో నేటికీ ఉన్నారు. ఆ శాఖలో చదువుకుంటున్న విద్యార్థిగా నేను ఈ వాదాన్ని అంగీకరించను. ఏది మొదటి పుటలో రావాలి, ఏది చివరకు పోవాలి, ఎవరి ఫోటో ఎంత వెడల్పున ఉండాలి, ఎవరి పేరు ఎంత పెద్ద అక్షరాల్లో పడాలి అన్నవి కొలబద్దతో తేలే సంగతులు కావు. అధికారం ఎవరిదో తేల్చే సంగతులవి. దినపత్రికల విషయంలో ఈ సత్యాన్ని మనమందరం ఒప్పుకుంటాం. బడి పత్రిక దగ్గరికి వచ్చేసరికి మాత్రం, పిల్లల వ్యవహారమే కదా అని చూసీచూడనట్లు ఊరుకుంటాం.

చదువులో భాగంగా నాకు ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల వార్షిక సంచికకు రూపకల్పన చేసే పని అప్పగించారు. అందిన సరుకు చూడండి: శాసనసభ్యుని సందేశం, అధికారుల సందేశాలు, దాతల సందేశాలు, ప్రధానోపాధ్యాయుని పలుకు. ఒక్కొక్కరికి ఒక్కొక్క పుట, రంగుల్లో, నున్నని ఆర్టు కాగితం మీద. పిల్లల రచనలు మిగిలిన పుటల్లో, చిన్న అక్షరాల్లో, నలుపు తెలుపుల్లో. అట్ట మీద మాత్రం నవ్వుతున్న బాలిక!

ఆ కట్టలో ఒక ఏడో తరగతి పిల్ల రాసిన పేజీన్నర వ్యాసం ఉంది. మిరప కోతల కాలంలో తల్లి కూలికి పోతే, తమ్ముణ్ణి చూసుకోవడానికి తాను బడి మానిన రోజుల గురించి రాసింది. సందేశాలన్నిటినీ ఒక్క పుటకు కుదించి, ఈ వ్యాసాన్ని మొదటి పుటలో పెట్టాను. సంపాదకవర్గం రెండింటినీ తిప్పికొట్టింది. సందేశాలు యథాస్థానానికి చేరాయి. వ్యాసం అసలు సంచికలోనే లేకుండా పోయింది. బడికి చెడ్డపేరు వస్తుందట! పిల్ల బడి మానడం వల్ల రాని చెడ్డపేరు, ఆ సంగతి అచ్చయితే వస్తుందన్నమాట.

ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. ఇంగ్లండులో ఓసీఆర్ అనే పరీక్షా మండలి, 2008లో అమలుకు వచ్చిన పాఠ్యప్రణాళికలో, మీడియా అధ్యయన విద్యార్థులకు ఒక ప్రాథమిక అభ్యాసం పెట్టింది. కొత్త బడి పత్రికకు ముఖపత్రం తయారు చేయాలి. దాని మీద ఛాతీ వరకు కనబడే ఒక విద్యార్థి ఫోటో, కొట్టొచ్చినట్లు కనిపించే పత్రిక పేరు ఉండాలి. దానితోపాటు విషయసూచిక నమూనా. అంతే! సూచిక ఉంది, విషయం అక్కరలేదు. అది తొలి అభ్యాసమే కావచ్చు. కాని తొలి అభ్యాసమే చేతికి అలవాటవుతుంది. సరుకు లేకుండా పొట్లం కట్టడం నేర్పిన చదువు, రేపు ఎవరి సరుకు ఇస్తే వారి పొట్లమే కడుతుంది.

దీనికి పూర్తిగా ఎదురు మార్గం దాదాపు నూరేళ్ల క్రితమే ఒకరు చూపారు. ఫ్రాన్సులో బార్-స్యూర్-లూప్ గ్రామపు బడిపంతులు సెలెస్తెన్ ఫ్రెనే 1924లో తరగతి గదిలోకి చిన్న అచ్చుయంత్రం తెచ్చాడు. పిల్లలు తాము చూసినదీ, అనుభవించినదీ రాసేవారు, తరగతిలో చదివేవారు, అచ్చుకు తగినదాన్ని తామే ఎంచుకొని, కలిసి దిద్ది, సీసపు అక్షరాలు తమ చేతులతోనే పేర్చేవారు. ఆ పుటలను దూరపు బడుల పిల్లలకు పంపి, వారి పుటలు తెప్పించుకునేవారు. ఇందులో రూపకల్పన వేరు, రచన వేరు కాలేదు. దాని ఫలితం? ఫ్రెనే తరువాత పనిచేసిన శాన్-పాల్ గ్రామంలో ఒక పిల్లవాడి కల గురించిన రచనను సాకుగా తీసుకొని, 1932-33లో మితవాదులు ఆయన మీద పెద్ద దుమారం లేపారు. చివరకు ఆయన ఆ బడి విడవవలసి వచ్చింది. పిల్లల పుట ఎంతటి బలం గలదో పెద్దలకు తెలుసు. తెలియనిదల్లా మనకే.

నా వాదానికి మూడు అభ్యంతరాలు వినిపిస్తాయి. మొదటిది డబ్బు. దాతల ఫోటోలు లేకపోతే అచ్చు ఖర్చు ఎవరిస్తారంటారు. కాని ఖర్చులో పెద్ద భాగం ఆ రంగులదీ, ఆ ఆర్టు కాగితానిదే కదా! మధ్య కుట్టు వేసే సంచికలో పుటలు నాలుగేసి చొప్పున పెరుగుతాయి. సందేశాలకు నాలుగు ఇస్తే, పిల్లలకు నాలుగు తగ్గినట్లే. రెండవది తప్పులు. పిల్లలు యాసలో రాస్తారట. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరిపి, మర్నాడు పిల్లవాడి ఇంటి మాటను ఎర్ర సిరాతో కొట్టివేసే బడికి ఏం చెప్పాలి?

మూడవది సౌకర్యం. కంప్యూటరులో సిద్ధంగా ఉన్న నమూనాలుండగా ఈ తంటా ఎందుకంటారు. ఆ నమూనాల్లో చాలావరకు ఇంగ్లీషు అక్షరాల కోసం తయారైనవి. వాటిలో తెలుగు పోస్తే పై పంక్తి ఒత్తులు కింది పంక్తి గుడులను తాకుతాయి. పంక్తుల మధ్య ఎడం పెంచితే చోటు చాలదు. అప్పుడు రూపకర్త ఏం చేస్తాడు? నమూనాను మార్చడు, పిల్లల రచనను కత్తిరిస్తాడు, శీర్షికను ఇంగ్లీషులోకి మారుస్తాడు. సౌకర్యం పేరిట ఎవరి మాట తెగిపోతున్నదో గమనించండి.

కాబట్టి అధ్యాపక మిత్రులకూ, సాటి విద్యార్థులకూ నా ప్రతిపాదన ఇది. బడి పత్రికకు పిల్లలు ఎన్నుకున్న సంపాదకవర్గం ఉండాలి. సందేశాలన్నీ కలిపి ఒక పుటకు మించరాదు, అదీ చివరి పుట. రూపకల్పన చేసే విద్యార్థి బడికి పోయి, పిల్లలతో కూర్చొని పుటలు పేర్చాలి. డబ్బు లేకుంటే లిఖితపత్రిక తీయండి, గోడపత్రిక అంటించండి. ఏ రచన తొలగించినా కారణం రాసిన పిల్లలకు చెప్పి తీరాలి.

మిరప చేల దగ్గరి పిల్ల తన బతుకు తానే రాసింది. ఆమె అడిగినదల్లా ఒక పుట. ఆ పుట ఇవ్వలేని అందం మనకెందుకు?